నాలుగు నెలల జీతం, ఒక అరబ్బీ కాగితం: జుబైల్ సప్లై కంపెనీలో ఉద్దానం ఫిట్టరు కేసు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం పైప్ ఫిట్టరు. ఐటీఐ చేశాడు. 2022 అక్టోబరులో సౌదీ తూర్పు తీరంలోని జుబైల్ వెళ్ళి ఒక సప్లై కంపెనీలో చేరాడు. సప్లై కంపెనీ అంటే ఇకామా, అంటే సౌదీలో ఉండడానికిచ్చే నివాస కార్డు, ఒకరిది, పని ఇంకొకరి ప్లాంటులో. 2024 సెప్టెంబరు నుంచి జీతం ఆగింది. డిసెంబరు ఆఖరుకి నాలుగు నెలల బాకీ పడింది, ఇకామా గడువు కూడా దాటిపోయింది. మూడు వేల రియాళ్ళు, టికెట్టు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపొమ్మంది కంపెనీ. అతను పెట్టలేదు. చివరికి చేతికొచ్చింది పన్నెండు వేల రియాళ్ళు.

ఇది ఒక్క మనిషి ఫైలు కాదు. ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి వచ్చే ఇలాంటి కేసులు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ఇలాంటి కేసుల్లో పనివాళ్ళకి సాయపడే మేం వాటిని కలిపి ఒక ఫిట్టరు మీద రాశాం. అతని జీతం, బాకీ అంకెలు లెక్క తెలియడానికి తీసుకున్నవి. చట్టం, గడువులు, పద్ధతి మాత్రం ఉన్నవే.

వెళ్ళేటప్పుడే పడిన ముడి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఐదారేళ్ళు చూడాలి. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు అంతకుముందు కూడా గల్ఫ్ పోయేవారే. తుపాను తర్వాత తోట చూసుకోవాల్సిన కొడుకులు కూడా పాస్‌పోర్టు తీశారు.

ఏజెంటు లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు. చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. ఇతను నలభై వేలు ఫోన్‌పేలో ఏజెంటు తమ్ముడి నంబరుకు పంపాడు, మిగతాది చేతికిచ్చాడు. రసీదు లేదు. డబ్బు తెచ్చింది నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకు 2,400 వడ్డీకే పోతుంది.

పదో తరగతి పాసయ్యాడు కాబట్టి పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్, అంటే వలస క్లియరెన్స్ అక్కర్లేనిది. పాస్ కానివాడిదైతే ఈసీఆర్, క్లియరెన్స్ కావాల్సినది. సౌదీకి ఉద్యోగ వీసా మీద వెళ్ళాలంటే వాడు కేంద్ర ప్రభుత్వ వలస అధికారి, అంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ దారిలో కాంట్రాక్టు కేంద్రం వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లోకి ఎక్కుతుంది, రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా పడుతుంది. పది పాసైనవాడికి ఇవేవీ తప్పనిసరి కావు. స్వచ్ఛందంగా ఈ-మైగ్రేట్‌లో నమోదు చేసుకోవచ్చు గానీ, ఆ మాట ఏజెంటు చెప్పడు. చెబితే తన రేటూ తన పేరూ రికార్డులో పడతాయి. చదువుకున్నవాడి ఫైల్లో కాగితాలు తక్కువ ఉండడానికి కారణం ఇదే.

ఏజెంటు ఆఫీసులో చూపిన ఆఫర్ లెటర్‌లో జీతం 2,200 రియాళ్ళు, ఓటీ (ఓవర్‌టైమ్) వేరు. జుబైల్ దిగిన నాలుగో రోజు కంపెనీ మందూబ్, అంటే సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి, క్యాంపుకొచ్చాడు. కొత్తవాళ్ళని వరసగా నిలబెట్టి, 'మీ ఫోనుకి నంబరొస్తుంది, చదువు' అన్నాడు. అందరూ చదివారు. అది సౌదీ కార్మిక శాఖ దగ్గర కాంట్రాక్టులు నమోదయ్యే కివా పోర్టల్లో కాంట్రాక్టుకు ఒప్పుకుంటున్నట్టు వచ్చే ఓటీపీ. ఆ కాంట్రాక్టులో బేసిక్ 1,500, తిండి ఖర్చు 300. సౌదీ లేబర్ ఆఫీసు ముందు నిలిచేది కివాలో ఉన్న ఈ కాంట్రాక్టే, ఆఫర్ లెటర్ కాదు. రెండేళ్ళపాటు ఇతను కివా తెరిచి చూడలేదు. ఆ 400 రియాళ్ళ తేడాకి సౌదీలో దారి మూసుకుపోయింది. ఊళ్ళో ఏజెంటు మీద మాత్రం ఆఫర్ లెటర్ పనికొచ్చింది, ఆ సంగతి చివర్లో.

క్యాంపు, సైటు, టైమ్‌షీటు

గదికి ఎనిమిది మంచాలు, నాలుగు కింద, నాలుగు పైన. తెల్లారి మూడున్నరకి లేవాలి. బాత్‌రూమ్ దగ్గర వరస ఉంటుంది కాబట్టి మూడుకే లేచేవాళ్ళూ ఉంటారు. నాలుగున్నరకి బస్సు, ప్లాంటు గేటులో తనిఖీ, ఆరింటికి పని. తిండికి గదివాళ్ళే మెస్ కట్టుకుంటారు, వంతులవారీగా వండుతారు. 300 రియాళ్ళలో బియ్యం, పప్పు, కోడి వెళ్ళిపోతాయి. ఊరినుంచి ఎవరొచ్చినా సంచిలో ఎండు చేపలు తప్పవు. బస్సులో పోయే రెండు మూడు గంటలకు జీతం లేదు.

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదు. చాలా సైట్లు దీన్ని పాటిస్తాయి, పాటించి గంటలు మరో చోట లాగుతాయి. తెల్లారి ఐదుకే మొదలుపెట్టి, మధ్యలో మూడు గంటలు ఏసీ సరిగా పనిచేయని పోర్టా క్యాబిన్లో కూర్చోబెట్టి, సాయంత్రం ఆరుకి వదులుతాయి. మనిషి సైటులో ఉన్నది పదమూడు గంటలు, టైమ్‌షీటులో పడేది పది.

ఉద్దానం మనిషి విషయంలో ఇంకో సంగతి ఉంది. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. కానీ ఎండలో నీళ్ళు తక్కువ తాగి, నడుం నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ళలు రోజూ మింగితే ఎవరి కిడ్నీకైనా చేటే. గేటు దగ్గర టాయిలెట్ దూరమని నీళ్ళు మానేసేవాళ్ళు ఉంటారు. వెళ్ళేముందు కిడ్నీ పనితీరు చూపే సీరమ్ క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ కాగితం ఫోనులో పెట్టుకోవాలి. వీసా కోసం చేసే మెడికల్‌లో ఫిట్ అన్నారని దీన్ని వదిలేయకూడదు. సెలవుకొచ్చినప్పుడు మళ్ళీ చేయించాలి. ఇకామా గడువు తీరితే సాధారణంగా హెల్త్ ఇన్సూరెన్సు కార్డు కూడా ఆగిపోతుంది. ఇతను అక్టోబరులో జ్వరానికి ప్రైవేటు క్లినిక్‌లో సొంత డబ్బు పెట్టుకోవాల్సి వచ్చింది ఇందుకే.

ఈ కేసుని నిలబెట్టింది టైమ్‌షీటు. సప్లై కంపెనీలో హాజరు వేసేది క్లయింటు ఫోర్‌మన్. నెలాఖరుకి ఆ షీటు కంపెనీ ఆఫీసుకి వెళ్ళిపోతుంది, పనివాడి చేతిలో ఏమీ మిగలదు. ఇతనికి వాటిని ఫొటో తీసే అలవాటుంది. మూడు నెలల షీట్లు దొరికాయి. ఎడమ వైపు తేదీలు, పక్కన మామూలు గంటలు, ఆ పక్కన ఓటీ, కింద ఫోర్‌మన్ సంతకం, బ్యాడ్జి నంబరు. అక్టోబరు షీటు ఫొటోలో బొటనవేలు సరిగ్గా నెల పేరు మీద పడింది. నెల కనపడకపోతే ఆ షీటుకి విలువ లేదు. అదృష్టం బాగుండి, ఫొటో తీసిన తేదీ గ్యాలరీ వివరాల్లో ఉంది. వాట్సాప్‌లో పంపినవైతే ఆ వివరాలు పోతాయి. అందుకే అసలు ఫైలు డిలీట్ చేయొద్దని మొదటి రోజే చెప్పాలి.

జీతం ఆగాక

నవంబరులో గదిలో ఐదుగురు తెలుగువాళ్ళు మూడు దారుల్లో వెళ్ళారు. ఒకడు దమ్మాం పోయి రోజు కూలికి చేరాడు. కంపెనీ అతని మీద పనికి రావడం లేదని రిపోర్టు పెట్టింది. ఆ తర్వాత 60 రోజుల్లోపు కొత్త యజమానికి బదిలీ అవ్వాలి, లేదా ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి పూర్తిగా వెళ్ళే అనుమతి, తీసుకోవాలి. రెండూ జరగలేదు. జీతం అడగాల్సినవాడు తనే తప్పు చేసినవాడిగా మిగిలాడు. ఇంకో ఇద్దరు మూడు వేలు తీసుకుని సంతకం పెట్టి ఇంటికొచ్చేశారు.

ఆ సంతకం గురించి ఫిట్టరు ఊళ్ళో బావకి పంపిన వాయిస్ మెసేజ్ ఇది: 'బావా, మూడేలిత్తారట, టికెట్టు కూడా ఇత్తారట. కాయితం మీద వేలెట్టీమంతన్నారు. ఎట్టీనా?'

బావ బదులు: 'ఎట్టకు. ముందు ఫొటో తీసి పంపు.'

ఫొటో వచ్చింది. ఒక పేజీ అరబ్బీ, కింద వేలిముద్రకి ఖాళీ. చదివించి చూస్తే, జీతం, ఓటీ, సెలవు, సర్వీసు డబ్బు (పని ముగిశాక ఇచ్చేది) అన్నీ ముట్టాయి, కంపెనీ మీద నాకే హక్కూ మిగల్లేదు అని ఉంది. దీన్ని అక్కడ ముఖాలసా అంటారు. డబ్బు అంకె రాయలేదు. సంతకం పెట్టి వచ్చిన ఇద్దరి తరఫున తర్వాత ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క పేజీ అడ్డుపడింది.

రాజీనామా కూడా అంతే ప్రమాదం. సౌదీ లేబర్ చట్టం 84వ అధికరణం ప్రకారం మొదటి ఐదేళ్ళకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు రావాలి. తనంతట తను రాజీనామా చేస్తే 85వ అధికరణం కోత వేస్తుంది: రెండేళ్ళలోపు ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్ళకు మూడో వంతు, ఐదు నుంచి పదేళ్ళకు మూడింట రెండొంతులు. యజమాని తన బాధ్యత నెరవేర్చకపోతే మాత్రం పనివాడు 81వ అధికరణం కింద నోటీసు లేకుండా మానేయొచ్చు, సర్వీసు డబ్బు పూర్తిగా వస్తుంది. పని మానడం ఒకటే, కాగితం మీద ఏ అధికరణం రాశామన్నదాన్ని బట్టి డబ్బు మారుతుంది. అతను అరబ్బీలో ఒక లేఖ రాయించి కంపెనీ ఈమెయిల్‌కి, హెచ్‌ఆర్ వాట్సాప్‌కి పంపాడు. నాలుగు నెలల పేర్లు, జీతం ముట్టలేదన్న మాట, 81వ అధికరణం, అంతే. పంపేదాకా క్యాంపు వదల్లేదు, డ్యూటీ బస్సు ఎక్కుతూనే ఉన్నాడు.

లెక్క

ఇందులో అందరూ తప్పేది బేసిక్ దగ్గర. సర్వీసు డబ్బు, సెలవు జీతం కట్టాల్సింది మొత్తం జీతం మీద. కంపెనీలు బేసిక్ మీద కడతాయి. ఇతని మొత్తం జీతం 1,800, రోజుకి 60.

ఓటీ సంగతి ఇంకా చిక్కు. 107వ అధికరణం ప్రకారం ఓటీ గంటకి, గంట జీతంతోపాటు బేసిక్‌లో సగం కలపాలి. నెలకి 240 గంటల లెక్కన గంట జీతం 7.50, బేసిక్ గంట 6.25, అందులో సగం 3.125. మొత్తం 10.625. క్యాంపుల్లో ఇచ్చేది బేసిక్‌కి ఒకటిన్నర రెట్లు, 9.375. గంటకి రియాలుంపావు తేడా అంటే చిన్నదే అనిపిస్తుంది. నెలకి 52 గంటల ఓటీ చేసేవాడికి అది 65 రియాళ్ళు.

నాలుగు నెలల జీతం 7,200. మూడు నెలల షీట్లలో తేలిన 156 గంటల ఓటీ 1,657.50. రెండేళ్ళ మూడు నెలలు సెలవుకి రాలేదు. ఏడాదికి 21 రోజుల చొప్పున 47 పావు రోజులకి 2,835. సర్వీసు డబ్బు, 900ని రెండుంపావుతో గుణిస్తే 2,025. మొత్తం 13,717.50. రియాల్ 22 రూపాయలనుకుంటే మూడు లక్షల పైచిలుకు. టికెట్టు దీనికి అదనం. రాజీనామా రాసి ఉంటే సర్వీసు డబ్బు 675 దగ్గరే ఆగేది.

నాలుగో నెల ఓటీకి షీటు లేదు. గుర్తున్న గంటలు రాద్దామన్నాడు. వద్దన్నాం. రుజువు లేని ఒక్క వరస పెడితే రుజువున్న మూడు వరసల మీద కూడా బేరం మొదలవుతుంది.

ఫిర్యాదు నడిచిన తీరు

సౌదీలో లేబర్ ఫిర్యాదు ముందు మానవ వనరుల మంత్రిత్వ శాఖలో రాజీ విభాగానికి వెళ్తుంది, అక్కడివాళ్ళు వుద్దీ అంటారు. ఆన్‌లైన్లోనే వేయాలి. వేయాలంటే అబ్షర్ అనే సౌదీ ప్రభుత్వ సేవల యాప్ లాగిన్ కావాలి. అబ్షర్‌కి తన ఇకామా మీద ఉన్న సిమ్ కావాలి. ఇతను వాడుతున్న సిమ్ మూడేళ్ళ క్రితం ఇంటికి వెళ్ళిపోయిన ఒక నేపాలీ పేరు మీద ఉంది. ఇకామా గడువు తీరాక కొత్త సిమ్ దొరకడం కష్టం. ఫైలు పది రోజులు ఇక్కడే ఇరుక్కుంది. అదృష్టవశాత్తూ 2022లో వచ్చినప్పుడు సొంత ఇకామా మీద తీసుకున్న మొదటి సిమ్ పెట్టె అడుగున దొరికింది, రీఛార్జి లేక మూలపడినా నంబరు ఇంకా పోలేదు. సౌదీలో ఉన్నవాళ్ళకి చెప్పేది ఇదే: డేటా కోసం ఏ సిమ్ వాడినా, సొంత ఇకామా సిమ్‌ని చావనివ్వొద్దు.

జీతం అందలేదనడానికి బ్యాంకు స్టేట్‌మెంట్ కావాలి. ఏటీఎమ్ కార్డులు క్యాంపు బాస్ దగ్గర ఉంటాయి, కానీ ఖాతా యాప్ ఫోనులో ఉంటే చాలు. ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో ఆగస్టు తర్వాత జమ లేదు. ఇకామా, పాస్‌పోర్టు ఫొటోలు, కివా కాంట్రాక్టు పీడీఎఫ్, స్టేట్‌మెంట్, టైమ్‌షీట్లు, 81వ అధికరణం లేఖ పంపిన స్క్రీన్‌షాటు, పైన రాసిన లెక్క ఒక పేజీ. ఇంతకుమించి పెట్టలేదు. ఐదుగురిలో మిగిలిన ఇంకొకడు కూడా ఫిర్యాదు వేశాడు, విడిగా. గదంతా కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఎంబసీకి పంపడం మనవాళ్ళ అలవాటు. పేపరు వార్తకి అది పనికొస్తుంది, లెక్క మాత్రం మనిషి మనిషికీ వేరు.

గడువు రెండు రకాలు. పని సంబంధం ముగిసిన 12 నెలల్లోపు కేసు వేయాలి. దాటితే కోర్టు తీసుకోదు. రాజీ విభాగానికి 21 పని రోజులు. కుదరకపోతే ఫైలు లేబర్ కోర్టుకి, అంటే న్యాయ శాఖ నాజిజ్ పోర్టల్లోకి పోతుంది. పనివాడికి కోర్టు ఫీజు లేదు.

సమాంతరంగా ఇంటినుంచి మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టించాం. పాస్‌పోర్టు నంబరు, సౌదీ ఫోను, కంపెనీ పేరు, ఇకామా మీదున్న యజమాని నంబరు కావాలి. కుటుంబాలు ఎక్కువగా జెద్దా కాన్సులేట్‌కి పంపుతుంటారు, జెద్దాలో తెలిసినవాళ్ళుంటారు గనక. జుబైల్, దమ్మాం రియాద్ ఎంబసీ పరిధి. తప్పు చోట పెడితే రెండు వారాలు పోతాయి. ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకీ (విదేశాల్లోని తెలుగువాళ్ళ కోసం ఏపీ ప్రభుత్వం పెట్టింది) ఒక కాపీ వెళ్ళింది. ఎంబసీ కంపెనీకి లేఖ రాయగలదు, ఫోను చేయగలదు, అరబ్బీ తెలిసిన మనిషిని చూపగలదు. డబ్బు ఇమ్మని ఆజ్ఞ వేయలేదు. ఎంబసీ వాళ్ళు ఏం చేయట్లేదు అనే మాట ఊళ్ళో ఎక్కువగా వినబడడానికి కారణం, వాళ్ళ దగ్గర లేని అధికారాన్ని వాళ్ళ దగ్గర వెతకడం.

రాజీ సమావేశం ఆన్‌లైన్లో జరిగింది. కంపెనీ మనిషి మొదట నాలుగు వేలన్నాడు, తర్వాత ఎనిమిది. టైమ్‌షీట్ల దగ్గర వాదన పెరిగింది. క్లయింటు డబ్బు ఇవ్వలేదు గనక మేమివ్వలేదన్నాడు, నిజమే కావచ్చు. చట్టానికి అది అక్కర్లేదు. పన్నెండు వేల దగ్గర ఫిట్టరు ఒప్పుకున్నాడు. కోర్టుకి వెళ్తే మిగతా 1,717 వచ్చేదేమో, నాలుగైదు నెలలు అదనంగా క్యాంపులో జీతం లేకుండా కూర్చోవాలి. అతని నిర్ణయం అతనిది, మా అంచనాకి అది సరైనదే. షరతులు మాత్రం గట్టిగా రాయించాం: ఆరు వేలు 15 రోజుల్లో బ్యాంకు ఖాతాలోకి, మిగతా ఆరు వేలు ఎగ్జిట్‌కి ముందు, చేతి డబ్బు వద్దు, ముఖాలసా రెండో వాయిదా జమ అయ్యాకే.

మొదటి ఆరు వేలు వచ్చాయి. రెండోవి రాలేదు. రాజీ పత్రం కోర్టు తీర్పులాగే అమలుకి పనికొస్తుంది. నాజిజ్‌లో అమలు కోర్టుకి వేశాడు. నోటీసు అందిన ఐదు రోజుల్లో చెల్లించకపోతే కంపెనీకి ప్రభుత్వ సేవలు ఆపేసే అధికారం ఆ కోర్టుకి ఉంది. సేవలు ఆగితే కొత్త వీసాలు రావు, ఇకామాలు రెన్యువల్ కావు. సప్లై కంపెనీకి ఊపిరి అక్కడే. నాలుగో రోజు డబ్బు పడింది.

ఇక ఎగ్జిట్. ఇకామా గడువు తీరినవాడికి మామూలు దారిలో ఫైనల్ ఎగ్జిట్ పడదు. రియాద్ ఎంబసీలో దానికి విడిగా పేరు నమోదు చేసుకుంటే, లేబర్ ఆఫీసు అనుమతి వచ్చాక జవాజాత్, అంటే సౌదీ పాస్‌పోర్టు శాఖ, ఎగ్జిట్ వేస్తుంది. పడ్డాక 60 రోజుల్లో దేశం వదలాలి. గదిలోంచి విడిగా ఫిర్యాదు వేసిన రెండో వ్యక్తి ఇంటికి రాలేదు. మూడు నెలలు వరసగా జీతం రాకపోతే పాత యజమాని ఒప్పుకోలు లేకుండానే బదిలీ అవ్వొచ్చన్న నిబంధన 2021 మార్చి 14 నుంచి ఉంది. అతను వెల్డరు, పైపు వెల్డింగులో 6జి టెస్టు పాసైనవాడు. రెండు వారాల్లో వేరే కంపెనీ తీసుకుంది. ఫిట్టరుకి ఆ అవకాశం రాలేదు.

ఇంటి దగ్గర

నాలుగు నెలలు జీతం రాకపోతే కంపెనీ కన్నా ముందు ఒత్తిడి పెట్టేది ఇల్లే. వడ్డీవాడు గుమ్మంలోకొస్తాడు, భార్య ఫోను చేస్తుంది, వాడు మూడు వేలకి వేలుముద్ర వేస్తాడు. కాబట్టి ఫిర్యాదు వేసిన వారమే భార్య, బావ కలిసి వెళ్ళి అప్పిచ్చినాయనతో మాట్లాడారు. ఆరు నెలలు వడ్డీ అడగకుండా, డబ్బు రాగానే అసలు ఒకేసారి తీర్చేట్టు ఒప్పందం, పెద్దమనుషుల ముందు. ఆయన ఒప్పుకోవడానికి మదద్ ఫిర్యాదు నంబరున్న కాగితం పనికొచ్చింది, డబ్బు ఎక్కడ ఆగిందో కళ్ళతో చూశాడు. డ్వాక్రా సంఘంలో ఇరవై వేలు ఇంటి ఖర్చుకి తీసుకున్నారు.

ఏజెంటు

రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషుల్ని పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షన్‌కి విరుద్ధం. 24వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో అతని పేరు లేదు. హైదరాబాద్ ప్రొటెక్టర్ ఆఫీసుకి ఫిర్యాదు వెళ్ళింది, స్థానిక పోలీసులకి ఒకటి. డబ్బు తీసుకున్నది 2022లో. భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది 2024 జులై 1న. కాబట్టి మోసం కేసు పాత ఐపీసీ 420 కిందే రాయాలి. ఫిర్యాదు రాసిచ్చేవాళ్ళు ఇక్కడ పొరబడి కొత్త సంహితలోని 318 రాస్తున్నారు, తర్వాత కోర్టులో అదో సాకు అవుతుంది.

సాక్ష్యం నలభై వేల ఫోన్‌పే, 2,200 రాసున్న ఆఫర్ లెటర్. చేతికిచ్చిన ఎనభై వేలకి సాక్షి బావ ఒక్కడే. ఎఫ్ఐఆర్ అనేసరికి ఏజెంటు యాభై వేలు తిరిగిస్తానని మనిషిని పంపాడు. డబ్బు తీసుకుని ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాడు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకున్నారు. ప్రొటెక్టర్ ఆఫీసుకి ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. మిగిలిన డెబ్బై వేల మీద పోలీసు ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.